దోమల గ్యాడ్జెట్లు ఐదు టెస్ట్ చేశా.. దోమలు మాత్రం నా రివ్యూ కూలర్‌లో పుట్టాయి!

పోయిన ఏడాది సెప్టెంబర్‌లో నా టేబుల్ మీద ఒక అల్ట్రాసోనిక్ ప్లగ్, ఒక యూవీ ల్యాంప్, ఒక దోమల బ్యాట్, ఒక లిక్విడ్ వేపరైజర్ ఉండేవి. ఇవి కాక ఫోన్‌లో "దోమలు దగ్గరికి రావు" అని చెప్పుకునే యాప్ ఒకటి. వర్షాకాలం కదా, ఏది కొంటే డబ్బులు దండగ కావో చెబుదామని కంపారిజన్ మొదలుపెట్టా. టెస్టింగ్ సగంలో ఉండగానే, నాతో పాటే ఉంటున్న మా తమ్ముడికి డెంగీ వచ్చింది.

ఇంట్లో ఐదు దోమల గ్యాడ్జెట్లు. అయినా డెంగీ. ఎలా? ఆ ప్రశ్నకి జవాబు దొరికాక కంపారిజన్ పక్కన పెట్టేశా. ఆ జవాబు మీకూ పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ముందు దోమ స్పెక్స్ చూద్దాం

ఫోన్ కొనేముందు ప్రాసెసర్ ఏంటో చూస్తాం. దోమల గ్యాడ్జెట్ కొనేముందు మాత్రం ఏ దోమ మీద యుద్ధం చేస్తున్నామో ఎవరం చూడం. నేనూ చూడలేదు.

డెంగీని ముఖ్యంగా మోసేది ఏడిస్ ఈజిప్టై. నల్లటి ఒళ్లు, కాళ్ల మీద తెల్ల చారలు. చికున్‌గున్యా, జికా వైరస్‌లని కూడా ఇదే మోస్తుంది. 2006లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని కుదిపేసినప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి. పేరులో 'చికెన్' వినిపించిందని మా అమ్మమ్మ కొన్ని నెలలు కోడికూర మానేసింది. కోడికీ దానికీ ఏ సంబంధం లేదు. అది ఆఫ్రికాలోని మకొండే భాష మాట, ఒంగిపోవడం అని అర్థం. కీళ్ల నొప్పులతో మనిషి ఒంగిపోతాడు కాబట్టి ఆ పేరు.

ఇంకో కన్ఫ్యూజన్ కూడా తీర్చేస్తా. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. బేగంపేటలో ఆ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది. అందుకే ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటారు. కానీ ఆ దోమ అనాఫిలిస్. మలేరియా వైరస్ కాదు. అనాఫిలిస్ రాత్రిపూట కుడుతుంది. ఏడిస్ పగలు కుడుతుంది. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం చీకటి పడే ముందు ఇంకోసారి దాని జోరు ఎక్కువ.

ఈ ఒక్క లైన్ గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా దీనిమీదే నడుస్తుంది.

1. దోమలని తరిమే యాప్: ఫిజిక్సే ఒప్పుకోదు

యాప్‌లో స్లైడర్ 40 కిలోహెర్ట్జ్ దాకా ఉంది. మన ఫోన్లలో ఆడియో మామూలుగా 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో నడుస్తుంది. దానిలో సగానికి మించిన ఫ్రీక్వెన్సీ బయటికి రాదు. అంటే 48 దగ్గర గరిష్ఠంగా 24. అది కూడా కాగితం మీద. బఠాణీ గింజంత స్పీకర్ అంత దూరం కూడా పోదు. పక్కన ఇంకో ఫోన్‌లో స్పెక్ట్రమ్ ఎనలైజర్ పెట్టి చూశా. స్లైడర్ చివరికి లాగితే గ్రాఫ్‌లో ఏమీ లేదు. యాప్ వేసిన పని ఒక్కటే, నిమిషానికో యాడ్.

2. అల్ట్రాసోనిక్ ప్లగ్: నైట్ ల్యాంప్‌గా బాగుంది

499 రూపాయలు పెట్టి కొన్నా. ఇందులో నిజంగానే అల్ట్రాసౌండ్ వచ్చే ఎలిమెంట్ ఉండొచ్చు. దోమకి దానితో పని ఉందా అన్నదే ప్రశ్న. మూడో రోజు రాత్రి ఒక దోమ వచ్చి ఆ ప్లగ్ మీదే వాలింది. ఫొటో తీశా. నవ్వుకుంటూ తమ్ముడికి పంపా.

ఒక్క ఫొటోతో తీర్పు చెప్పకూడదు కాబట్టి చదివా. 2007లో కొక్రేన్ సంస్థ ఇలాంటి పరికరాల మీద జరిగిన 10 ఫీల్డ్ స్టడీలని కలిపి చూసింది. దోమ కాట్లు తగ్గినట్టు ఒక్కదాంట్లోనూ తేలలేదు. అంతకంటే ముందే, 2001లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 60కి పైగా తయారీదారులకీ అమ్మకందారులకీ హెచ్చరిక లేఖలు పంపింది. అయినా 2017లో మన దేశంలోనే దోమలని తరిమే ఫోన్ అంటూ ఎల్‌జీ కే7ఐ వచ్చింది. వెనక కవర్‌లో 30 కిలోహెర్ట్జ్ ఎమిటర్, ధర 7,990 రూపాయలు. పాత పాఠకులకి గుర్తుండే ఉంటుంది.

3. యూవీ ల్యాంప్: చనిపోతున్నాయి, కానీ ఎవరు?

పొద్దున్నే ట్రే తీస్తే నిండా పురుగులు. చూడగానే "ఆహా, పని చేస్తోంది" అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. అమెరికాలోని డెలావేర్‌లో పరిశోధకులు ఇళ్ల బయట ఇలాంటి కరెంటు ల్యాంపులు పెట్టి చచ్చిన పురుగులని లెక్కపెట్టారు. 1996లో అచ్చయిన లెక్క ప్రకారం మొత్తం 13,789 పురుగులు. అందులో మనిషిని కుట్టే జాతులవి 31. మిగతావి పాపం దారినపోయే దానయ్యలు.

ఆడ దోమ మనిషిని వెతికేది ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, చెమట వాసన, ఒంటి వేడి పట్టుకుని. నీలం లైటు దానికి పెద్ద ఎర కాదు.

4. దోమల బ్యాట్: నిజాయితీపరుడు, కానీ లిమిట్ ఉంది

450 రూపాయల బ్యాట్. కనిపించిన దోమని కొడితే టప్ మని చస్తుంది. చెప్పింది చేస్తుంది. కాకపోతే కనిపించినదాన్నే కొడతాం. ఏడిస్ చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చి మోకాళ్ల కింద, మడమల దగ్గర కుడుతుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాడు టేబుల్ కింద బ్యాట్ ఊపడు కదా.

5. లిక్విడ్ వేపరైజర్: పని చేసింది, తప్పు టైమ్‌లో

ఐదింటిలో గది లోపల తేడా కనిపించింది దీనితోనే. ట్రాన్స్‌ఫ్లుత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందుని వేడి చేసి గాల్లోకి వదులుతుంది. కిటికీలు బార్లా తెరిస్తే పవర్ తగ్గుతుంది. చాలా చోట్ల దోమలు ఈ రకం మందులకి అలవాటు పడిపోయాయి కూడా. అయినా ఇది డబ్బులకి న్యాయం చేసే వస్తువే.

మరి మా ఇంట్లో ఎందుకు కాపాడలేదు? ఎందుకంటే మేం దాన్ని రాత్రి పదింటికి ఆన్ చేసి, పొద్దున లేవగానే ఆఫ్ చేసేవాళ్లం. ఏడిస్ డ్యూటీ ఎక్కే టైమ్‌కి మా సెక్యూరిటీ డ్యూటీ దిగిపోయేది. ఇంకో మాట కూడా ఉంది. "అన్నా, పగలు కూడా పెట్టుకోనా?" అని తమ్ముడు ఒకసారి అడిగాడు. "పగలు దోమలెక్కడివిరా, రీఫిల్ దండగ" అన్నా. దోమల గ్యాడ్జెట్లు రివ్యూ చేస్తున్న మనిషిని అన్న మాట అది.

జ్వరం

వాడు పోటీ పరీక్షలకి చదువుకుంటున్నాడు. రోజంతా బాల్కనీ కిటికీ పక్కన టేబుల్ దగ్గరే ఉంటాడు. ఒక మంగళవారం మధ్యాహ్నం ఉన్నట్టుండి 103 జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా ఎవరో కొట్టినట్టు నొప్పులు. నేను అలవాటుగా ఐబుప్రొఫెన్ ఉన్న నొప్పి బిళ్ల తీశా. మింగేలోపు అమ్మ ఫోన్. "ఒరేయ్, ఈ రోజుల్లో ఏ జ్వరమో ఏంటో, డాక్టర్ని అడక్కుండా ఏదీ వెయ్యకు" అంది. ఆ మాట ఎంత విలువైందో తర్వాత తెలిసింది. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాలే, అదీ డాక్టర్ చెప్పిన డోసులో.

ఎన్ఎస్1 టెస్ట్ పాజిటివ్. జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో ఈ టెస్ట్ పనికొస్తుంది, ఆ తర్వాత ఐజీఎం చేస్తారు.

అక్కణ్ణుంచి నాకు ప్లేట్‌లెట్ల పిచ్చి పట్టింది. రోజూ రిపోర్ట్ రాగానే బ్యాటరీ పర్సంటేజీ చూసినట్టు ఆ ఒక్క నంబరే చూసేవాణ్ణి. లక్షా పది వేలు, ఎనభై రెండు వేలు, యాభై ఎనిమిది వేలు. బంధువులు బొప్పాయి ఆకు రసం తాగించమని ఒకటే ఫోన్లు. డాక్టరమ్మ మాత్రం ప్రశాంతంగా, "బాబూ, ఆ ఒక్క నంబర్ పట్టుకుని భయపడకు. రక్తం చిక్కబడుతోందా, బీపీ ఎలా ఉంది, యూరిన్ సరిగ్గా వస్తోందా, అవి చూస్తున్నాం" అన్నారు. డెంగీ ముదిరితే రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోతుందట. ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా అదే. అందుకే ద్రవాలు సరిగ్గా అందించడమే అసలు వైద్యం. ఈ వైరస్‌ని చంపే మందు ఇంకా మెడికల్ షాపులోకి రాలేదు.

నాకు చెమటలు పట్టించిన విషయం ఇంకోటి. ఐదో రోజు జ్వరం తగ్గింది. హమ్మయ్య, ఇంటికి పోదాం అనుకున్నా. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. జ్వరం తగ్గిన తర్వాతి 24 నుంచి 48 గంటలే అసలు డేంజర్ జోన్ అన్నారు. అన్నట్టే ఆ రాత్రి వాడికి కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు. ఆసుపత్రిలో ఉన్నాం కాబట్టి సెలైన్ సర్ది గంటగంటకీ చూశారు. ఇంట్లో ఉండి ఉంటే? ఆ రాత్రి కుర్చీలో కూర్చుని నేను ఆలోచించింది అదొక్కటే.

కాబట్టి గుర్తుంచుకోండి. తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు ఆగకపోవడం, చిగుళ్లలో ముక్కులో రక్తం, ఆయాసం, మరీ నీరసం లేదా అసహనం.. వీటిలో ఏది కనిపించినా, జ్వరం తగ్గినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కూలర్ ట్యాంక్

తమ్ముడు ఆసుపత్రిలో ఉండగానే మున్సిపల్ ఎంటమాలజీ సిబ్బంది మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. డెంగీ కేసు రిపోర్ట్ అయితే చుట్టుపక్కల చూస్తారు. ఒకాయన టార్చ్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి, "సార్, ఈ కూలర్ ఎప్పటిది?" అన్నాడు.

మే నెలలో నేను రివ్యూ చేసిన కూలర్ అది. ఆ ఆర్టికల్‌లో ట్యాంక్ కెపాసిటీకి మంచి మార్కులు కూడా వేశా. జూన్‌లో బాల్కనీకి నెట్టేసి మర్చిపోయా. అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు, పైనుంచి వానజల్లు. ఆయన టార్చ్ వేస్తే నీళ్లలో సన్నటి పురుగులు తల్లకిందులుగా వేలాడుతూ, వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ కిందికి పోతున్నాయి. లార్వాలు. వందల్లో. తమ్ముడి కుర్చీకి మూడు అడుగుల దూరంలో.

నిజం చెప్పాలంటే వాణ్ణి కుట్టిన దోమ ఆ ట్యాంక్‌లోనే పుట్టిందని ఎవరూ రుజువు చేయలేరు. కింది ఫ్లోర్‌లో అంతకుముందే ఇద్దరికి జ్వరం వచ్చి తగ్గిందని తర్వాత తెలిసింది. దోమకి వైరస్ మనిషి నుంచే అంటుతుంది, దాని ఒంట్లో వారం పది రోజులు పెరిగాక ఇంకొకరికి అంటిస్తుంది. కానీ ఏడిస్ ఎక్కువ దూరం ఎగరదు, మామూలుగా కొన్ని వందల మీటర్లే. అంటే మన దోమ దాదాపుగా మన బిల్డింగ్‌దో, పక్క బిల్డింగ్‌దో. డ్రైనేజీని తిట్టుకుంటాం కానీ, ఇది మురుగులో కంటే మనం నిలవ పెట్టిన మామూలు నీళ్లలోనే ఎక్కువగా పెరుగుతుంది.

హైదరాబాద్ చెరువుల మీద డ్రోన్లతో లార్వా మందు కొట్టే వీడియోలు మీరు చూసే ఉంటారు. మంచి పనే. గుర్రపు డెక్క నిండిన చెరువుల్లో పెరిగే క్యూలెక్స్ దోమలకి అది దెబ్బ. కానీ ఏ డ్రోనూ నా బాల్కనీలోకి వచ్చి కూలర్ ట్యాంక్ తెరవదు.

పది నిమిషాల పని, జీరో రూపాయలు

గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికొకసారి నీళ్లు పారబోస్తే ఆ సైకిల్ ఎప్పటికీ పూర్తి కాదు. ఫ్రైడే డ్రైడే అని పోస్టర్లు వేసినా, తెలంగాణలో 2020లో "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని ప్రచారం చేసినా లెక్క ఇదే. నేను వాటిని ప్రభుత్వ ప్రకటనల్లాగా స్క్రోల్ చేసి వదిలేసినవాణ్ణే. ఇప్పుడు ఫోన్‌లో ఆదివారం పదింటికి రిపీట్ అలారం ఉంది. మా చెక్‌లిస్ట్ ఇది:

• కూలర్ ట్యాంక్: ఖాళీ చేసి, లోపలి గోడలు బ్రష్‌తో రుద్దాలి. గుడ్లు నీటి అంచున గోడకి అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. పారబోస్తే సరిపోదు, రుద్దాలి.
• ఫ్రిజ్ వెనక ట్రే: ఇలాంటిదొకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.
• ఏసీ నీళ్లు పడే బకెట్, పూలకుండీల కింద ప్లేట్లు, మనీ ప్లాంట్ సీసా.
• టెర్రస్ మీద ట్యాంక్ మూత, పాత టైర్లు, పెయింట్ డబ్బాలు, కొబ్బరి బొండాల చిప్పలు.
• వాడని బాత్రూమ్‌లో బకెట్, మగ్గు.
• పారబోయలేని తొట్టి ఉంటే గట్టి మూత లేదా గుడ్డ కట్టాలి. పెద్ద నీటి గుంటలైతే గంబూసియా చేపల కోసం మున్సిపల్ సిబ్బందిని అడగొచ్చు.

దీనికి తోడు పగలు రెండు పనులు. కిటికీలకి మెష్. ఒంటికి డీట్ లేదా పికారిడిన్ ఉన్న రిపెల్లెంట్. మన బ్యాచ్‌కి ఒక టిప్: డీట్ కొన్ని ప్లాస్టిక్‌లని కరిగిస్తుంది. ఆ చేతులతో ఫోన్ కేస్, స్మార్ట్‌వాచ్, కళ్లద్దాలు పట్టుకుంటే మచ్చలు పడతాయి. పికారిడిన్‌తో ఆ గొడవ లేదు.

మరి టెక్నాలజీ దండగేనా?

కాదు. ప్లగ్‌లో పెట్టి అమ్మేది కాదు, అంతే.

నాకు అన్నిటికంటే నచ్చింది వోల్బాకియా. చాలా పురుగుల్లో సహజంగా ఉండే బాక్టీరియా ఇది. ఏడిస్ ఈజిప్టైలోకి ఎక్కిస్తే దాని ఒంట్లో డెంగీ వైరస్ సరిగ్గా పెరగదు. పైగా గుడ్ల ద్వారా పిల్లలకీ పోతుంది, అంటే అప్‌డేట్ దానంతటదే తర్వాతి తరానికి ఇన్‌స్టాల్ అవుతుంది. ఇండోనేసియాలోని యోగ్యకర్తలో సగం ప్రాంతాల్లో ఇలాంటి దోమలని వదిలి చూస్తే, మిగతా ప్రాంతాలతో పోలిస్తే డెంగీ కేసులు 77 శాతం, ఆసుపత్రి పాలయ్యేవాళ్లు 86 శాతం తగ్గారు. ఫలితాలు 2021లో వచ్చాయి. మన పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా ఇలాంటి దోమలని తయారు చేసినట్టు 2022లో ప్రకటించింది.

టీకాల విషయానికొస్తే, డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి వచ్చి తగ్గాక వేరే రకం సోకితే ఈసారి మరింత సీరియస్ అయ్యే ప్రమాదం ఎక్కువ. అందుకే "ఒకసారి వచ్చింది, ఇక రాదు" అన్నది తప్పు. అందుకే టీకా కూడా నాలుగింటి మీదా పనిచేయాలి. ఐసీఎంఆర్, పనేసియా బయోటెక్ కలిసి చేస్తున్న టీకా మూడో దశ ట్రయల్ 2024 ఆగస్టులో మొదలైంది. జపాన్ కంపెనీ టకేడా టీకాని ఏడాదికి 5 కోట్ల డోసుల దాకా తయారు చేసే ఒప్పందం అదే ఏడాది మన హైదరాబాద్ బయోలాజికల్ ఇ కుదుర్చుకుంది.

ఇక ఫోన్ సంగతి. ఫోన్ దోమని తరమలేదు కానీ, వినగలదు! స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ టీమ్ 2017లో అబజ్ అనే ప్రాజెక్ట్ చూపించింది. ఒక్కో జాతి దోమ రెక్కల చప్పుడు ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఉంటుంది. మామూలు ఫోన్ మైక్‌తో రికార్డ్ చేస్తే అది ఏ దోమో చెప్పొచ్చు. దోమల మ్యాప్ గీయొచ్చు. 40 కిలోహెర్ట్జ్ అబద్ధం కంటే ఈ కొన్ని వందల హెర్ట్జ్ నిజం ఎంత బాగుందో చూడండి.

ఫైనల్ స్కోర్

యాప్: 10కి 0. అల్ట్రాసోనిక్ ప్లగ్: 0, నైట్ ల్యాంప్‌గా 4. యూవీ ల్యాంప్: 2. బ్యాట్: 5. వేపరైజర్: 7, పగలు వాడితేనే. వారానికోసారి ట్యాంక్ రుద్దే బ్రష్: 9. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, పక్కింటివాళ్లు కూడా రుద్దితేనే పూర్తి ఫలితం. అందుకే మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో ఆదివారం పదింటికి గుర్తుచేసే పని ఇప్పుడు నాది.

తమ్ముడు కోలుకున్నాడు. పూర్తిగా ఓపిక రావడానికి నెల పైనే పట్టింది, ఆ పరీక్ష మాత్రం పోయింది. ఈ ఏడాది మళ్లీ రాస్తున్నాడు. టేబుల్ అదే కిటికీ పక్కన. కూలర్ మాత్రం బోర్లా పెట్టి ఉంది.

ఇది చదవడం అయిపోయాక వేరే ట్యాబ్ తెరిచేముందు ఒకసారి లేచి మీ ఫ్రిజ్ వెనక చూడండి.